ఎవరు చూశారు, ఎవరు చెప్పారు

విశాఖపట్నం,
లేడీస్ హాస్టల్,
జనవరి నెలాఖరు.

ఫల్గుణ అన్నయ్యకు,

మొన్న నువ్వు కొండెక్కి ఫోన్ చేసినప్పుడు సగం మాటలు గాలికి పోయాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జీపు కామేష్ ప్రతి సంతకూ అరకు వస్తాడు కదా, పోస్టాఫీసులో అడిగి తెచ్చి ఇస్తాడు. నువ్వూ అతని చేతికే ఇవ్వు, స్టాంపు అంటించి డబ్బాలో వేస్తాడు.

కాఫీ పళ్ళు కోయడం అయిపోయిందా? వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? చిట్టి బడికి పోతోందా, నీ వెనకాలే తోటకి తిరుగుతోందా?

ఈ సెమిస్టర్లో మాకొక పని ఇచ్చారు. ఏదైనా ఒక సంఘటన తీసుకుని, దాని గురించి ఎవరెవరు ఏం రాశారో అంతా పోగుచేసి, అందులో ఏది నమ్మవచ్చో ఏది నమ్మకూడదో తేల్చి రాయాలి. చెప్పేది లక్ష్మీప్రసాద్ గారు. చాలా నెమ్మదైన మనిషి. రాసినవాడు అక్కడ ఉన్నాడా, లేకపోతే ఎవరు చెబితే రాశాడు, చెప్పినవాడికి అందులో ఏమైనా అవసరం ఉందా, అదే మాటను ఇంకెవరైనా విడిగా చెప్పారా, ఇవి అడగకుండా ఏ కాగితాన్నీ నమ్మవద్దంటారు. క్లాసులో అందరూ తుఫాన్లూ సమ్మెలూ తీసుకున్నారు. నేను మన ఊరు తీసుకున్నాను. అమ్మ పోయిన ఆ వానాకాలం.

అన్నయ్యా, ఆ రోజుల్లో నువ్వు హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నావు. నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో తొమ్మిదో తరగతి. నేను వచ్చేసరికి పూడ్చేశారు. మనిద్దరం చూడలేదు. వాంతులు, విరేచనాలు అన్నారు, విన్నాం, ఏడ్చాం, అంతే.

ఇక్కడి లైబ్రరీలో పాత పేపర్లు తీసి చూశాను. 'కుళ్ళిన పశుమాంసం తిని గిరిజనుల మృతి' అని ఉంది. కింద పేర్లలో అమ్మ పేరు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నీచు ముట్టలేదు. ఎండు చేప వండినా తన గిన్నె వేరుగా పెట్టుకునేది. మరి అమ్మ ఆ మాంసం ఎలా తింటుంది?

ఆ వానాకాలం ఊళ్ళో ఉన్నవాళ్ళని నువ్వు అడిగి రాయాలి. వాళ్ళు ఏం చెబితే అదే రాయి. నీకు నచ్చినట్టు సర్దకు.

భాను


కరకపుట్టు,
ఫిబ్రవరి.

చెల్లి భానుకు,

ఉత్తరం అందింది. కాఫీ అయిపోయింది, మిరియం మొదలైంది. మీ వదిన నిచ్చెన ఎక్కడం మానలేదు, మోకాలు నొప్పి తగ్గలేదు. చిట్టి బడికి పోతోంది. అత్త ఉత్తరం వచ్చిందంటే తనకు ఏం రాసిందని అడిగింది. బడికి పోతున్నావా అని రాసిందని చెబితే, ఇంకేమీ రాయలేదా అని మూతి ముడుచుకుంది.

మంగ్లు తాతను అడిగాను. ఆ సంవత్సరం తనూ జబ్బు పడి లేచినవాడే. మొదటి రోజు, ఆ యేడు నిశానమ్మకి కోడిని కొయ్యలేదు, ఆ తల్లి పట్టుకుంది అన్నాడు. సరే అని వచ్చేశాను. తర్వాత తోటలో కలిసినప్పుడు తనే ఆగి ఇంకో మాట చెప్పాడు. ఊరంతా నీళ్ళు పట్టుకునే ఊటకు ఎగువన, గెడ్డ పారే మలుపులో ఒక ఆవు చచ్చిపడిందట. కొందరు కోసి తెచ్చుకున్నారు, మిగతాది అక్కడే వదిలేశారు. ఆపైన రాత్రీ పగలూ వాన.

"ఊట నీల్లు కంపు కొట్టీవి. మీ యమ్మే సెప్పింది నాకు. మావా, నీల్లు బాగోనేదు అంది" అన్నాడు.

కంపు జబ్బులకు ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా అని అడిగితే మాత్రం ఒకసారి ముందన్నాడు, ఒకసారి తర్వాతన్నాడు. రెండూ రాస్తున్నాను.

ఆశా కార్యకర్త నాగలక్ష్మి దగ్గరికి కూడా వెళ్ళాను. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాచి తాగమని చెప్పింది ఆవిడేనని మంగ్లు తాత అన్నాడు. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అడిగేసరికి ముఖం మారిపోయింది. "నాకేటీ గుర్తు నేదు ఫల్గుణా. నన్నిందులోకి లాగకు, నా పని పోతాది" అంది. లేచి వచ్చేశాను.

ఇంకొక మాట. నీకు కోపం వస్తుంది, అయినా రాస్తున్నాను. అమ్మ నీచు ముట్టదని నాకూ తెలుసు. కానీ చివరి రెండేళ్ళు నేను ఇంట్లో లేను. ఆ వానల్లో ఇంట్లో ఏముందో, ఏం లేదో నాకు తెలియదు. ఆకలి వేస్తే మనిషి ఏం చేస్తుందో చూడకుండా చెప్పలేను. సర్దకుండా రాయమన్నావు కదా.

ఫల్గుణ


విశాఖపట్నం,
మార్చి మొదటి వారం.

అన్నయ్యకు,

కోపం రాలేదు. నువ్వు రాసింది సరైనదే. మంగ్లు తాత రెండు మాటలూ రాసినందుకు లక్ష్మీప్రసాద్ మాస్టారు నిన్ను మెచ్చుకున్నారు కూడా.

ఇక్కడ నాకు ఒకటి దొరికింది. మన ఊరి సంగతి మూడు పేపర్లలో వచ్చింది. మూడూ వేరువేరు పేపర్లు కాబట్టి ముగ్గురు చెప్పినట్టే అనుకున్నాను. పక్కపక్కన పెట్టి చదివితే మూడింటిలోనూ మన ఊరి పేరు 'కరకపట్టు' అని ఉంది. ముగ్గురూ ఒకే చోట ఒకే తప్పు ఎలా చేస్తారు? జబ్బులప్పుడు వచ్చిన ప్రభుత్వ వైద్య బృందం ఆ సాయంత్రం ఇచ్చిన ఒక ప్రకటనను ముగ్గురూ దించేశారు. ఒక్కరూ కొండెక్కలేదు. తర్వాత ఒక ఇంగ్లీషు పత్రికలో గిరిజనుల ఆహారపు అలవాట్ల మీద వ్యాసం వచ్చింది, అది ఆ పేపర్లలో ఒకదాన్ని ఆధారంగా చూపించింది. ఇంకో ఆయన పుస్తకం రాసి ఆ వ్యాసాన్ని చూపించాడు. ఇంటర్నెట్లో ఎక్కడ వెతికినా ఆ పుస్తకమే కనిపిస్తోంది. పైకి చూస్తే అరడజను మంది చెప్పినట్టు ఉంటుంది. అడుగున ఉన్నది ఆ ఒక్క ప్రకటన.

అది కూడా దొరికింది. అందులో 'గ్రామస్థులు తెలిపిన ప్రకారం' అని ఉంది. నీళ్ళు పరీక్షకు పంపినట్టు ఒక్క ముక్క లేదు. గ్రామస్థులంటే ఎవరు? ఆ రోజు డాక్టర్లతో ఎవరు మాట్లాడారో కనుక్కో అన్నయ్యా. అది తెలిస్తే చాలు.

చిట్టికి ఇది చదివి వినిపించు: చిట్టీ, అత్త నీకోసం రంగు పెన్సిళ్ళు కొంది. సెలవులకి వచ్చినప్పుడు తెస్తుంది.

భాను


కరకపుట్టు,
మార్చి చివర.

భానుకు,

మాట్లాడింది గాసి.

ఇది తెలుసుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఎందుకంటే ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. నిన్న చింతపండు కొట్టడానికి వెళ్ళి నేనూ అతనూ ఇద్దరమే మిగిలాం. కల్లు తాగాక తనే మొదలుపెట్టాడు.

ఆ రోజు డాక్టర్ల బండి రోడ్డు ఆగిపోయిన చోటే ఆగిందట. వానకు దారి జారుతోంది, పైకి ఎక్కలేమన్నారు. గాసి అప్పుడే భార్యను పూడ్చి, మందుల కోసం కిందికి దిగుతున్నాడు. బండిలో ఉన్నాయన అద్దం దించి అడిగాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"గొడ్డుని కోసారా అని అడిగేరు. కోసామని సెప్పేను. తిని సచ్చేరా అని ఎవులడిగేరు? నా ఆడది ముక్క ముట్నేదు. వొంట్లో బాగోక పడుకునుంది. మందులిచ్చేరు, బండి తిప్పుకుని ఎల్లిపోయేరు."

అమ్మ సంగతి అడిగాను. అమ్మ మాంసం తీసుకోలేదని, పంచినప్పుడు తనే ఇవ్వబోతే వద్దందని చెప్పాడు. భానూ, నేను పోయినసారి రాసింది తప్పు. అమ్మ తినలేదు.

గాసి మళ్ళీ చింతపండు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాట అన్నందుకు ఊరంతా చచ్చిన గొడ్డును తినే ఊరైపోయిందని, సంతలో కూడా మనవాళ్ళని చూసి నవ్వేవారని చెప్పాడు. తన మాట వల్లే అయిందని ఊళ్ళోవాళ్ళు అనుకుంటున్నారేమోనని అతని భయం. అనుకుంటున్నారు కూడా.

ఫల్గుణ


విశాఖపట్నం,
ఏప్రిల్.

అన్నయ్యకు,

నీ ఉత్తరం పట్టుకుని మాస్టారి గదికి పరుగెత్తాను. ఆయన రెండుసార్లు చదివారు. తర్వాత అన్న మాట ఇది: "నువ్వు చెప్పేది నిజమని నేను నమ్ముతున్నానమ్మా. కానీ నేను నమ్మడం ఆధారం కాదు."

గాసి మాట గాసి నోటితోనే రికార్డు కావాలట. తన ఇష్టంతోనే చెబుతున్నానని సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఇప్పుడున్నది అన్న చెల్లికి రాసిన ఉత్తరం. అందులోనూ చనిపోయింది మన అమ్మ. మనకు అవసరం ఉన్న మాట మనమే చెబితే బయటివాళ్ళు ఎలా ఒప్పుకుంటారని అడిగారు. ఆయన నేర్పిన ప్రశ్నలే నావైపు తిరిగాయి. బండి అద్దం దించి ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోయినాయన మాట అచ్చులో ఉంది కాబట్టి ఆధారం. అమ్మ చేతి అన్నం తిన్న మనం పనికిరాం.

గాసిని ఒప్పించు. నువ్వు కామేష్ ఫోన్ తీసుకుని మాట రికార్డు చెయ్యి. పేరు మారుస్తానని చెప్పు. మే మొదట్లో ఇచ్చెయ్యాలి.

భాను


కరకపుట్టు,
ఇటుకల పండగ వెళ్ళాక.

భానుకు,

గాసి ఒప్పుకోలేదు.

పండగలో మగవాళ్ళందరం వేటకు వెళ్ళినప్పుడు అడిగాను. ఇంటికి వెళ్ళి అడిగాను. మంగ్లు తాత చేత కూడా చెప్పించాను. ఫోన్ చూపించగానే లేచిపోయాడు. ఒకసారి మాట ఇస్తే ఏమైందో చూశాను కదా, మళ్ళీ ఆఫీసోళ్ళకు మాట ఇవ్వనన్నాడు. పేరు మారుస్తారని చెప్పాను. కొండ మీద ఎవడు ఎవడో తెలియనివాళ్ళు ఎవరున్నారన్నాడు. రెండో పెళ్ళాం, పిల్లలు ఉన్నారు అతనికి. ఇంక అడగలేను భానూ. అడిగితే స్నేహం కూడా పోతుంది.

నీ దగ్గర ఉన్నదానితోనే రాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

ఫల్గుణ


విశాఖపట్నం,
జూన్ నెలాఖరు.

అన్నయ్యకు,

సెలవులకి రాలేకపోయాను. చిట్టిని క్షమించమను. పెన్సిళ్ళు కామేష్‌కి అందేలా పార్సిల్ చేశాను.

నా వ్యాసానికి మంచి మార్కులు వచ్చాయి. మాస్టారు దాన్ని ఒక సెమినారుకు పంపమన్నారు. అక్కడివాళ్ళు సగానికి తగ్గించి తమ పుస్తకంలో వేశారు. ఇంటర్నెట్లో కూడా పెట్టారు. నా పేరు, కింద మన ఊరి పేరు ఉన్నాయి. ఈసారి కరకపుట్టు అని సరిగ్గానే వేశారు.

పరీక్షలు ఉన్నాయి. తర్వాత వివరంగా రాస్తాను.

భాను


కరకపుట్టు,
జూలై.

భానుకు,

నీ పేరు పుస్తకంలో పడిందని విని ఊళ్ళో అందరికీ చెప్పాను. మంగ్లు తాత నీ పేరు ఎలా ఉంటుందో రాసి చూపించమన్నాడు. నేల మీద పుల్లతో రాశాను. మీ వదిన ఆ రోజు సంతలో తెలిసినవాళ్ళందరికీ చెప్పిందని కామేష్ అన్నాడు. చిట్టి పెన్సిళ్ళతో గోడంతా గీసింది. ఎర్రది ఎవరినీ ముట్టుకోనివ్వదు. పుస్తకం ఒకటి పంపితే దాచుకుంటాం.

వానలు గట్టిగా పడుతున్నాయి. ఘాట్‌లో రెండు చోట్ల మట్టి జారింది, జీపులు సగం రోజులు తిరగడం లేదు. ఊళ్ళో కొందరికి విరేచనాలు పట్టుకున్నాయి. గాసి చిన్నకొడుక్కి కూడా. వైద్య బృందం వస్తుందంటున్నారు. చిట్టికి నిన్నటి నుంచి కొంచెం నలతగా ఉంది. పెద్దగా ఏం లేదు, ఆడుతూనే ఉంది. నువ్వు చదువుకో.

ఫల్గుణ


విశాఖపట్నం,
జూలై.

అన్నయ్యా,

నీ ఉత్తరం చాలా ఆలస్యంగా అందింది. ఫోన్ చేస్తూనే ఉన్నాను, కలవడం లేదు. కామేష్‌ది కూడా కలవడం లేదు.

ఊట నీళ్ళు ఎవరూ తాగవద్దు. చిట్టికి అసలు ఇవ్వవద్దు. వాన నీళ్ళు పట్టుకోండి, బాగా మరిగించి చల్లార్చి ఇవ్వండి. ఓఆర్ఎస్ కూడా మరిగించిన నీళ్ళలోనే కలపండి. వదినకు చెప్పు, ఇది మాంసం వల్ల వచ్చే జబ్బు కాదు, నీళ్ళ వల్ల. ఎవరు ఏం చెప్పినా, ఎక్కడ ఏం రాసి ఉన్నా నమ్మవద్దు.

దారి తెరుచుకోగానే నేనే వస్తాను. చిట్టి ఎలా ఉందో వెంటనే రాయి.

భాను


కరకపుట్టు,
ఆగస్టు.

భానుకు,

చిట్టి పోయింది.

నీ ఉత్తరం మేము పూడ్చి వచ్చిన మర్నాడు అందింది. దారి మూసుకుపోయి కామేష్ కిందనే ఆగిపోయాడు. అతను నడిచి తెచ్చాడు. ముందు అదెవరి ఉత్తరమో నాకు అర్థం కాలేదు.

ఎలా జరిగిందో రాస్తాను. నేను అక్కడే ఉన్నాను, చూసిందే రాస్తాను.

వైద్య బృందం వచ్చింది. ఈసారి పైదాకా నడిచి వచ్చారు, ఆ మాట చెప్పాలి. బడి అరుగు మీద కూర్చుని అందరికీ మందులు ఇచ్చారు. వాళ్ళలో పెద్దాయన మంచివాడే. చిట్టి కడుపు నొక్కి చూశాడు, ముద్దు చేశాడు, పొడి పొట్లాలు ఇచ్చాడు. ఈ మధ్య ఏ మాంసం తిన్నారని అడిగాడు. మా ఇంట్లో తినలేదని చెప్పాను. ఊటకు ఎగువన చూడండి సార్, నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి అన్నాను. ఆయన నన్ను కసరలేదు. ఫోన్ తీసి ఏదో తెరిచి నాకు చూపించాడు.

"బాబూ, ఇంతకుముందు కూడా ఇక్కడ ఇదే జరిగింది. నేను చెప్పడం కాదు, మీ ఊరి అమ్మాయే పరిశోధన చేసి రాసింది" అన్నాడు.

నీ పేరు ఉంది. కింద మన ఊరి పేరు ఉంది. 'కలుషితమైన పశుమాంసం తినడం వల్ల సంభవించిన మరణాలు' అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. గాసి పేరు మార్చి రాశావేమో, ఊట సంగతి కింద ఎక్కడైనా ఉందేమోనని చివరిదాకా చూశాను. లేదు.

నేను ఇంక ఏం మాట్లాడతాను? నువ్వే రాశావు.

ఆయన అందరినీ నిలబెట్టి చచ్చిన పశువులను కోయవద్దని, మాంసం నిల్వ పెట్టవద్దని చెప్పాడు. కాగితాలు పంచాడు. నీళ్ళు పట్టుకెళ్ళలేదు. ఊట వైపు వెళ్ళనే లేదు.

ఆ సాయంత్రం నేను మీ వదిన ముత్యాలమ్మతో, ఎందుకైనా మంచిది, ఊటకు వెళ్ళవద్దు, గెడ్డ దాటి అవతలి నుంచి నీళ్ళు తెస్తానన్నాను. ముత్యాలమ్మ నా వైపు చూసి, "మనం మాంసం తిన్నేదు కదా, మనకేటి బయం. భాను రాసిందంటే సూసే రాసుంటాది" అంది. మళ్ళీ వాన ఎత్తుకుంది. గెడ్డ పొంగింది. నేను వెళ్ళలేదు. తను ఊట నుంచి బిందె తెచ్చింది. డాక్టరు ఇచ్చిన పొడి ఆ నీళ్ళలోనే కలిపి చిట్టికి పట్టింది. ఎన్నిసార్లు కక్కితే అన్నిసార్లు మళ్ళీ కలిపి పట్టింది. డాక్టరు గారు అలాగే పట్టమన్నారు కదా, కొంచెం కొంచెం పడితే నిలుస్తుందని చెబుతూనే ఉంది.

తెల్లవారి డోలీ కట్టి నలుగురం మోసుకుని దిగాం. మట్టి జారిన చోట ఆగాం. చిట్టి నాకు దాహం అంది. మీ వదిన సీసాలో ఉన్న నీళ్ళు పట్టింది. అవీ ఆ నీళ్ళే. కింద రోడ్డు కనిపిస్తుండగా చిట్టి చేయి చల్లబడింది. వెనకనున్న గాసి చూసి, ఆగండి అన్నాడు. మేము ఆగలేదు. ఇంకొంచెం దూరం మోశాం.

గాసి చిన్నకొడుకు బతికాడు. ఎందుకు బతికాడో తెలియదు.

నువ్వు అలా ఎందుకు రాశావో నాకు రాయి. ముత్యాలమ్మకు నీళ్ళ సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఫల్గుణ


విశాఖపట్నం,
సెప్టెంబర్.

అన్నయ్యకు,

ఇది ఎన్నోసారి రాయడమో తెలియదు. రాసినవన్నీ చింపేశాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. మాస్టారికి ఇచ్చిన వ్యాసంలో అంతా ఉంది. మూడు పేపర్లలోని ఒకే తప్పు, ఆ ప్రకటన, నీళ్ళు పరీక్షించలేదన్న సంగతి, ఊరివాళ్ళు వేరే కారణం చెబుతున్నారన్న మాట. సెమినారు పుస్తకంవాళ్ళు సగానికి తగ్గించమన్నారు. ఆధారం చూపలేని భాగం తీసెయ్యమన్నారు. ఆధారం చూపగలిగింది మాంసం వల్ల మరణాలన్న ఆ ఒక్క వాక్యానికే. మిగతాది తీసేశాను. ఆ వాక్యానికి ముందు 'అధికారిక ప్రకటన ప్రకారం' అని పెట్టాను. అచ్చులో అదీ లేదు. అచ్చుకు ముందే ప్రూఫు పంపారు. చూశాను. అడిగితే అసలుకే తీసేస్తారేమోనని ఊరుకున్నాను. నా పేరు అచ్చులో చూసుకోవాలనిపించింది. నీకు రాసినప్పుడు ఆ వాక్యం సంగతి దాచాను. అంతే జరిగింది. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది.

నీ ఉత్తరం మాస్టారికి చూపించాను. ఆయన చదివి నన్ను కూర్చోమన్నారు. తప్పు నాదీ ఉందమ్మా, తగ్గించమన్నప్పుడు నేను చూడవలసింది అన్నారు. తనే పుస్తకంవాళ్ళకు రాశారు. నేనూ రాశాను. వ్యాసం తీసేయండి, లేకపోతే సవరణ వేయండి అని. ఇప్పటికే ప్రచురితమైనదాన్ని వ్యక్తిగత ఉత్తరాల ఆధారంగా మార్చలేమని జవాబు వచ్చింది. వేరే ప్రచురిత ఆధారం ఉంటే పంపమన్నారు. నేను ఎక్కడి నుంచి తెస్తాను? ఈ సంగతి మీద ఇప్పుడు అందరికంటే కొత్తగా అచ్చయింది నాదే.

ఇంకొకటి చెప్పాలి. నీకు వేరే ఎవరైనా చెప్పే ముందు నేనే చెప్పాలి. పోయిన వారం పేపర్లో చిన్న వార్త వచ్చింది. కలుషిత మాంసం వల్ల మళ్ళీ అస్వస్థత, ఒక బాలిక మృతి అని. గతంలో కూడా ఇలాగే జరిగినట్టు పరిశోధనల్లో తేలిందని రాశారు. చిట్టి పేరు ఉంది. ఊరి పేరు సరిగ్గా ఉంది.

హాస్టల్ ఖాళీ చేస్తాను అన్నయ్యా. ఇక్కడ ఏ పుస్తకం తెరిచినా కింద ఉన్న పేర్లు చూడలేకపోతున్నాను. వాళ్ళు ఎవరి అమ్మను, ఎవరి పిల్లను ఎలా రాశారో అనిపిస్తోంది. వదినకు నేనే చెబుతాను. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెబుతాను. నన్ను రానిస్తావా?

భాను


కరకపుట్టు,
అక్టోబర్.

భానుకు,

ముత్యాలమ్మకు నేనే చెప్పాను. నువ్వు వచ్చి చెప్పేదాకా దాచలేకపోయాను. సామ చేను కోస్తుండగా చెప్పాను. తను కొడవలి ఆపలేదు. చివరిదాకా కోసింది. నిన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రాత్రిళ్ళు లేచి కూర్చుంటోంది. ఆ సీసా నేనెందుకు పట్టాను అని అడుగుతోంది. నన్ను కాదు, ఎవరినో. నీ మాట ఎవరైనా ఎత్తితే లోపలికి వెళ్ళిపోతోంది.

గాసి వచ్చాడు. ఇప్పుడు చెబుతాను, రికార్డు చేసుకో, వేలిముద్ర కూడా వేస్తానన్నాడు. కొడుకును ఎత్తుకుని వచ్చాడు. వద్దని పంపేశాను. ఎవరికి చూపించను? అతని మీద కోపం లేదు. ఆ పిల్లవాణ్ణి చూస్తూ కూర్చోలేకపోయాను.

మీ మాస్టారు నెమ్మదైన మనిషి, ఆ డాక్టరు మంచివాడు, నువ్వు నా చెల్లివి. ఎవరి మీద పడి ఏడవాలో తెలియడం లేదు.

రావద్దని నేను అనను. ఇది నీ ఇల్లు. కానీ ఇప్పుడు వస్తే ముత్యాలమ్మ నీకు అన్నం పెడుతుంది, నీతో మాట్లాడదు. దాన్ని నువ్వు తట్టుకోలేవు, నేను చూడలేను. చదువు మానాలో మానకూడదో కూడా నేను చెప్పలేను. నువ్వు చదువుకోవాలని అమ్మ ఎంత ఆశపడిందో తలుచుకుంటే ఒకలా ఉంటుంది, చిట్టిని తలుచుకుంటే ఇంకోలా ఉంటుంది.

వానలు తగ్గాయి. నేనూ మంగ్లు తాతా గెడ్డ మలుపు దాకా వెళ్ళి చూశాం. అక్కడ ఏమీ లేదు. రాళ్ళు, బురద. ఉన్నదేదో వాన కొట్టుకుపోయింది. చూపించడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

నీళ్ళు కాచుకుంటున్నాం. కట్టెలు తడిగా ఉన్న రోజు కాచకుండానే తాగుతున్నాం. పొద్దున్నే ముత్యాలమ్మ బిందె తీసుకుని ఊటకే వెళ్తోంది. అందరూ అక్కడికే వెళ్తున్నారు. వేరే నీళ్ళు లేవు.

ఫల్గుణ